నాలుగు గదుల పొట్ట

కొత్తగూడ చౌరస్తాలో ఇప్పుడు నేలమీద కంటే గాలిలోనే రోడ్లు ఎక్కువ. 2023 జనవరి 1న పెద్ద ఫ్లైఓవరు తెరిచారు. దానిమీద హైటెక్ సిటీకి పోయే కార్లు, క్యాబులు, ఆఫీసు బస్సులు బారులు తీరి పరుగెడుతూ ఉంటాయి. దాని కింద, బొటానికల్ గార్డెన్ వైపు నాలుగడుగులు వేస్తే, ఏ గోడ నీడనో రెండు బర్రెలు కాళ్ళు ముడుచుకుని కూచుని, కళ్ళు సగం మూసి, దవడ అటూ ఇటూ తిప్పుకుంటూ ఇప్పటికీ కనిపిస్తాయి. ఎన్ని హారన్లు మోగినా వాటికి పట్టదు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు.

చూసేవాళ్ళకది బద్ధకంలా కనిపిస్తుంది. నిజానికి అప్పుడే ఆ బర్రె గట్టిగా పని చేస్తోందన్నమాట. రోజులో ఆరేడు గంటలు, ఒక్కోసారి ఎనిమిది గంటలు కూడా, అది నెమరువేతలోనే గడుపుతుంది. అందులో ఎక్కువ భాగం రాత్రిపూట. హైటెక్ సిటీలో మొదటి మేడ సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో ప్రారంభించారు. నైట్ షిఫ్టులు అక్కణ్ణుంచి మొదలయ్యాయనుకుంటాం గాని, కొత్తగూడ పశువుల కొట్టాల్లో అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఆ షిఫ్టు నడుస్తూనే ఉంది.

నెమరు అనే మాట మనకెంత దగ్గరిదో చూడండి. పాత సంగతులు గుర్తు చేసుకుంటే "నెమరు వేసుకున్నాం" అంటాం. సంస్కృతంలో దీన్ని రోమంథం అన్నారు. ఇంగ్లీషువాళ్ళు కూడా ఆలోచనలో పడ్డవాడు "రూమినేట్" చేస్తున్నాడంటారు. లాటిన్లో రూమెన్ అంటే గొంతు. ఎక్కడి భాషలో చూసినా తీరిగ్గా ఆలోచించడానికి ఆవే పోలిక. ఏ దేశంవాళ్ళూ గుర్రంతోనో కుక్కతోనో పోల్చలేదు.

ఈ పొట్ట లోపల ఏముందో మొట్టమొదట వివరంగా రాసిపెట్టినవాడు గ్రీసుదేశపు అరిస్టాటిల్. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే ఆయన నాలుగు అరలు లెక్కపెట్టి నాలుగింటికీ పేర్లు పెట్టాడు. మొదటిది పెద్ద పొట్ట. రెండోదానికి ఆయన వాడిన పేరు కెక్రుఫలోస్. ఆ మాటకు అర్థమేమిటో తెలుసా? ఆడవాళ్ళు జుట్టు చెదరకుండా ముడికి తొడుక్కునే వల! ఆ అర లోపలి పొర అచ్చం అల్లికపని చేసిన వలలా, తేనెపట్టు గదుల్లా ఉంటుంది మరి. అంతటి తత్త్వవేత్త పశువు పొట్ట కోసి చూస్తూ, ఇంట్లో ఆడవాళ్ళ కొప్పుని గుర్తు చేసుకున్నాడంటే నాకెందుకో ముచ్చటేసింది. మూడో అరకు ముళ్ళపంది పేరు పెట్టాడు. నాలుగోది అసలు జీర్ణాశయం.

ఆయన దీనికో కారణం కూడా చెప్పాడు. ఆవుకీ మేకకీ పైదవడలో ముందుపళ్ళుండవు. కావాలంటే ఎప్పుడైనా చూడండి, పళ్ళ బదులు గట్టి చిగురే ఉంటుంది. పళ్ళకు పోవలసిన పదార్థమంతా కొమ్ములకు పోయిందనీ, నోట్లో పని సరిగ్గా జరగదు కాబట్టి ఆ లోటు తీర్చడానికి ప్రకృతి ఒకదాని తర్వాత ఒకటిగా పొట్టలిచ్చిందనీ ఆయన వాదం. మరి ఒంటెకు కొమ్ముల్లేవు గదా అంటే, అది ముళ్ళకంపలు తింటుంది కాబట్టి దానికీ పొట్టలు కావలసివచ్చాయన్నాడు. కొమ్ముల సంగతి ఇవాళ ఎవరూ నమ్మరు. కాని నోట్లో పని పొట్టకు మారిందన్న ఊహ మాత్రం గొప్పదే.

నిజం చెప్పాలంటే అరిస్టాటిల్ చూసినదంతా మన తెలంగాణ వంటిళ్ళలో ఆడవాళ్ళూ చూస్తూనే ఉన్నారు. బోటీ కూర వండే ఇళ్ళలో పొట్ట ముక్కల్ని వేడినీళ్ళలో వేసి, గీకి, ఉప్పూ పసుపూ వేసి నాలుగైదు నీళ్ళు పోసి కడుగుతారు. ఆ కడిగే చేతికి అన్నీ తెలుసు. ఒక ముక్క స్నానం తువ్వాలులా నూగునూగుగా ఉంటుంది. ఇంకో ముక్క తేనెపట్టులా గళ్ళు గళ్ళుగా ఉంటుంది. మరొకటి పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా విడుతుంది. పాత యూరపులో ఈ పొరల పొట్టకు కీర్తనల పుస్తకం అని పేరు పెట్టారు. మన శాకాహార సోదరీమణులు క్షమించాలి. శరీరశాస్త్రం నేర్పడానికి వంటిల్లు ఏ కాలేజీకీ తీసిపోదని చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక పొట్ట చేసే పని చూద్దాం. బర్రె మేసేటప్పుడు నమలడానికి ఆగదు. పులి వస్తుందో, యజమాని కర్ర వస్తుందో అన్నట్టు గబగబా మింగేస్తుంది. అదంతా మొదటి అరలో పడుతుంది. ఎడమవైపు కడుపంతా ఇంచుమించు దానిదే. బాగా ఎదిగిన పశువులో 100 లీటర్లకు పైగా పడుతుంది. మన ఇళ్ళలో నీళ్ళ డ్రమ్ముల్ని ఊహించుకోండి. తర్వాత తీరిగ్గా నీడన కూచుని ఒక్కో ముద్దనే పైకి తెచ్చుకుని, నలభై యాభైసార్లు నమిలి, మళ్ళీ మింగుతుంది. ఆ నమలడంలో ఊరే లాలాజలం పెద్ద పాడి ఆవులో రోజుకు 100 లీటర్లు దాటుతుందంటే నమ్మబుద్ధి కాదు. అందులో మన వంటసోడా జాతి లవణం ఉంటుంది. అదెందుకో తర్వాత చెబుతాను, అది చాలా ముఖ్యం.

ఇంత చేసినా గడ్డిని అరిగించుకునే శక్తి ఆవుకు లేదు. ఈ మాట చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. గడ్డిలో ఉండే పీచుని విడగొట్టే రసం ఆవు ఒంట్లో ఎక్కడా తయారు కాదు. ఆ పని చేసేవి మొదటి అరలో కాపురముండే సూక్ష్మజీవులు. 1843లో పారిస్‌లో గ్రూబీ, డెలాఫాన్ అనే ఇద్దరు ఈ రసం చుక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, కంటికి కనిపించని జంతువులు గుంపులు గుంపులుగా ఈదుతూ కనిపించాయి. 1879లో జర్మనీ శాస్త్రజ్ఞుడు జుంట్జ్, పీచు పులియడమే పశువుకు ఆహారమిస్తోందని ఊహించాడు. 1944లో ఇంగ్లండులో బార్‌క్రాఫ్ట్, మెకనల్లీ, ఫిలిప్సన్ అనేవాళ్ళు ఆ పులిసిన ఆమ్లాలు నేరుగా పొట్టగోడలోంచే రక్తంలోకి పోతున్నాయని తేల్చారు. అమెరికాలో హంగేట్ అనే ఆయన గాలి తగిలితే చచ్చిపోయే ఈ జీవుల్ని గాజు గొట్టాల్లో పెంచే ఉపాయం కనిపెట్టాడు. ఆయన 1966లో రాసిన పుస్తకం ఈ విద్యకు మూలగ్రంథం వంటిది. ఒక్క మిల్లీలీటరు రసంలో వెయ్యి కోట్ల దాకా బ్యాక్టీరియాలుంటాయి. మన దేశ జనాభాకు ఎన్నో రెట్లు, ఒక చెంచాలో అయిదో వంతు!

సైబరాబాదు భాషలో చెప్పాలంటే ఆవు తన పనంతా కాంట్రాక్టుకిచ్చేసింది. కాంట్రాక్టు పనివాళ్ళకు 39 డిగ్రీల వెచ్చని గది, రెండు పూటలా మేత, నమిలిపెట్టే సౌకర్యం, అన్నీ తనే ఇస్తుంది. వాళ్ళు పీచుని పులియబెట్టి ఆవుకు శక్తినిచ్చే ఆమ్లాలు తయారు చేసిపెడతారు. పని పూర్తయ్యాక ఆవు ఏం చేస్తుంది? ఆ పనివాళ్ళనే తినేస్తుంది. రసంతోపాటు సూక్ష్మజీవులు మూడో అరను దాటి నాలుగో అరలోకి వస్తాయి. అది మన పొట్టలాగే ఆమ్లం ఊరే అసలు పొట్ట. అక్కడ అవి అరిగి ఆవుకు మాంసకృత్తులవుతాయి. శుద్ధ శాకాహారి అని మనం పూజించే గోమాత రోజూ కోట్లాది ప్రాణుల్ని భోంచేస్తోందన్నమాట. కంపెనీలవాళ్ళకి ఈ సంగతి తెలియకపోవడమే మంచిది.

ఈ సూక్ష్మజీవులు ఎంత గడుసువంటే యూరియానుంచి కూడా మాంసకృత్తులు తయారు చేస్తాయి. 1945లో నోబెల్ బహుమతి అందుకున్న ఫిన్లండు శాస్త్రజ్ఞుడు విర్తనెన్, 1960ల్లో కొన్ని ఆవులకు మాంసకృత్తులన్నవే పెట్టకుండా, వాటికి బదులు యూరియా, అమ్మోనియా లవణాలు మాత్రమే ఇచ్చి పాలు పిండి చూపించాడు. మన పల్లెల్లో వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, మూడు వారాలు కప్పిపెట్టి మేపే పద్ధతికి ఆధారం ఈ విద్యే. ఇదే యూరియా మనిషి తింటే ఆస్పత్రి. పశువుకైనా అంతే, కొలత తప్పితే ప్రాణమే పోతుంది.

పాలు తాగే దూడ సంగతి వేరు. తల్లి పొదుగు చీకుతున్నప్పుడు దాని గొంతునుంచి ఒక మడత కాలవలా ముడుచుకుని, పాలని మొదటి అరలో పడనివ్వకుండా నేరుగా నాలుగో అరకు చేరుస్తుంది. అక్కడుండే రసం పాలని గట్టిగా విరగ్గొడుతుంది. యూరపులో జున్నుగడ్డలు, అదే ఛీజు, చేసింది ఇన్ని శతాబ్దాలూ ఆ దూడపొట్ట రసంతోనే. మన జున్ను అది కాదు లెండి, ఈనిన ఆవు ముర్రుపాలతో చేసేది. మనవాళ్ళు పాలని నిమ్మరసంతో విరగ్గొట్టుకున్నారు గాని దూడ జోలికి పోలేదు. 1990లో అమెరికాలో ఆ రసాన్ని సూక్ష్మజీవులచేత తయారు చేయించడానికి అనుమతిచ్చారు. అప్పణ్ణుంచీ ఆ దేశాల్లో దూడల అవసరం బాగా తగ్గింది.

ఇక్కడ మన భాగ్యనగరం కథ ఒకటి చెప్పాలి. కొత్తగూడకు అట్టే దూరం లేని పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ అక్కడివాళ్ళ పంటలు. అక్కడ పని చేసే బ్లూమెల్, పార్థసారథిరావు అనే ఇద్దరు ఒక చిత్రమైన పని చేశారు. హైదరాబాదులో బర్రెల్ని పెట్టుకుని పాలమ్మేవాళ్ళు చొప్ప కొనే దుకాణాలకు నెలనెలా వెళ్ళి, జొన్నచొప్పల రకాలూ ధరలూ రాసుకున్నారు. వాటి నమూనాలు తెచ్చి, పశువు పొట్టరసంతో ప్రయోగశాలలో ఎంత అరుగుతుందో కొలిచారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి.

చవకరకం చొప్ప నూటికి 47 పాళ్ళు అరిగింది. ఖరీదైన రాయచూరు రకం 52 పాళ్ళు అరిగింది. తేడా అయిదంటే అయిదు. కాని బజారులో ధర తేడా నూటికి పాతికపైనే! ప్రయోగశాలలో రోజుల తరబడి కొలిస్తే గాని తెలియని సంగతి, పాలవాళ్ళకు కంటితో చూసి, చేత్తో విరిచి చూస్తే తెలిసిపోతోందన్నమాట. వాళ్ళెవరూ రూమెన్ అనే మాట విని ఉండరు. అయినా బర్రె పొట్ట ఏం కోరుతుందో తెలుసు. తెల్లవారి గిన్నెలో పాలు పెరిగాయా తగ్గాయా అన్నదే వాళ్ళ పరీక్ష. అదివరకు కొత్తరకం విత్తనం తయారుచేసే శాస్త్రజ్ఞులకు గింజ దిగుబడే ముఖ్యం. చొప్ప ఏమైనా ఫరవాలేదు. రైతులేమో ఎక్కువ గింజలిచ్చే కొన్ని రకాల్ని, చొప్ప పశువులు ముట్టడంలేదని వద్దనేవారు. అప్పటిదాకా దాన్ని మొండితనమనుకున్నవాళ్ళు ఇలాంటి లెక్కలొచ్చాక చొప్పని కూడా కొలవడం మొదలుపెట్టారు.

అన్నట్టు చొప్పలో ప్రమాదమూ ఉంది. నీళ్ళు లేక ఎండిన లేతజొన్న మేస్తే పశువు గిలగిల కొట్టుకుని పడిపోతుంది. నాము తగిలిందంటారు రైతులు. లేతజొన్నలో దాగి ఉన్న విషాన్ని విడదీసేది మళ్ళీ ఆ పొట్టలోని సూక్ష్మజీవులే. పనివాళ్ళు నమ్మకస్తులే గాని, ఏది విడగొట్టాలో ఏది కూడదో వాళ్ళకు తెలీదు.

ఇలాగే లేతగడ్డి ఎక్కువ మేస్తే పొట్ట ఉబ్బుతుంది. పులిసినప్పుడు పుట్టే గాలి నురుగులో చిక్కుకుపోతుంది. త్రేన్పు రాదు. గంటల్లో ఊపిరాడక చచ్చిపోతుంది. థామస్ హార్డీ 1874లో రాసిన "ఫార్ ఫ్రమ్ ది మాడింగ్ క్రౌడ్" నవల మీలో కొందరు చదివే ఉంటారు. బాత్‌షెబా అనే జమీందారిణి, తన తప్పు ఎత్తి చూపాడని గేబ్రియల్‌ను కొలువులోంచి పొమ్మంటుంది. మర్నాడే గొర్రెలు కంచె దాటి క్లోవర్ పచ్చిక మేసి ఉబ్బి పడిపోతాయి. ఎడమడొక్కలో సరిగ్గా గుచ్చి గాలి తీసే విద్య చుట్టుపక్కల అతనొక్కడికే తెలుసు. రమ్మని హుకుం పంపిస్తే రాడు. మర్యాదగా అడిగితే వస్తానంటాడు. చివరికి ఆవిడ కళ్ళనీళ్ళతో చీటీ రాస్తుంది. అతను వచ్చి 49 గొర్రెల్ని బతికిస్తాడు. ఇద్దరి మధ్య మళ్ళీ మాట కలిపింది గొర్రె పొట్టేనంటే అతిశయోక్తి కాదు. ఎంత పెద్ద ప్రేమకథకైనా ఏదో ఒక సాకు కావాలి గదా!

ఇప్పుడు సోడా సంగతికి వస్తాను. పశువులకు మన వంటింటినుంచి ఏదో ఒకటి పెట్టడం మన ఆచారం. వెనకటి రోజుల్లో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తౌడు, కూరగాయల తొక్కులు కుడితితొట్టిలో పోసేవాళ్ళం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే పశువులకు గడ్డితోపాటు తెలకపిండి, తౌడు, ఉప్పు ఎంతెంత పెట్టాలో లెక్కలున్నాయి. అదంతా పశువు పొట్ట ఓర్చుకునే తిండి. మరి పండగరోజున అపార్టుమెంటు వాచ్‌మన్‌ని పిలిచి, మిగిలిన పులిహోర, చక్రపొంగలి, పరమాన్నం అంతా "పాపం, ఏ ఆవుకో పెట్టు నాయనా" అని పంపిస్తామే, అది పుణ్యం కాదు. అన్నం గడ్డిలా నెమ్మదిగా పులియదు. గంటల్లో పులిసిపోతుంది. పుట్టే ఆమ్లం కొత్తదేమీ కాదు, మన పెరుగు తోడుకునేటప్పుడు పుట్టేదే. గిన్నెడు పాలలో పుడితే పెరుగు, 100 లీటర్ల పొట్టలో పుడితే విషం. లాలాజలంలో ఉన్న సోడా దాన్ని విరిచేయాలని చూస్తుంది గాని, అన్నానికి నమలడం అక్కర్లేదు కాబట్టి నెమరూ ఉండదు, లాలాజలమూ ఊరదు. సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లోని నీరంతా పొట్టలోకి లాక్కుపోతుంది. ఎక్కువ మోతాదైతే ఒకటి రెండు రోజుల్లో పశువు నేలకొరుగుతుంది. పెళ్ళిపందిళ్ళ వెనక పారబోసిన అన్నం తిని ఆవులు చచ్చిపోయాయంటే కారణం ఇదే. దిష్టి కాదు. పెట్టాలనిపిస్తే గుప్పెడు పెట్టండి. మనసు నిండాలంటే పచ్చగడ్డి కట్ట కొని వేయండి.

ఆ అన్నమే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి విసిరితే మరీ ఘోరం. ఆవు ముడి విప్పుకోలేదు గదా. సాంబారు వాసన వేస్తున్న సంచిని సంచితో సహా మింగుతుంది. నాలికతో చుట్టి మింగే జంతువది, ఏరుకుని తినడం దానికి చేతకాదు. మింగిన సంచి మొదటి అరలో పడుతుంది. రెండో అరనుంచి మూడోదానికి పోయే దారి చాలా ఇరుకు. బాగా నలిగిన సన్నని ముక్కల్ని తప్ప రానివ్వదు. సంచి నలగదు, సూక్ష్మజీవులు దాన్ని తినలేవు. కక్కుకోవడం ఆవు తరం కాదు. కాబట్టి అది జీవితాంతం అక్కడే ఉంటుంది. ఒకదానికొకటి చుట్టుకుని, తాళ్ళలా పేనుకుని పెద్ద ఉండ అవుతుంది. బయటికి చూస్తే ఆవుకు నిండుకడుపులా కనిపిస్తుంది. లోపల తిండికి చోటుండదు. నిండిన పొట్టతో ఆకలిచావన్నమాట.

ఇనపమేకులూ, తీగముక్కలూ అయితే బరువుకు జారి ఆ తేనెపట్టు అరలో దిగబడతాయి. దాని ముందు ఉదరవితానం అనే పల్చని గోడ, ఆ గోడ అవతల గుండె. మేకు మొన ముందుకు తిరిగిందా, గుండె పొరలో గుచ్చుకుంటుంది. పాశ్చాత్యదేశాల్లో రైతులు ముందుజాగ్రత్తగా ఆవుచేత ఒక అయస్కాంతం ముక్క మింగిస్తారు. అదక్కడే ఉండిపోయి ఇనుముని అంటించుకుంటుంది. ఇన్ని కట్టడాలు లేస్తున్న కొత్తగూడ, కొండాపూర్ వీధుల్లో తిరిగే పశువులకు ఇలాంటిది ఎంత అవసరమో మీరే ఊహించుకోండి.

ఈ ప్లాస్టిక్ సంగతి దేశమంతటికీ తెలియజెప్పింది మన పుట్టపర్తిలోని కరుణా సొసైటీ. అప్పటి అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వీధుల్లో తిరిగే ఆవుల్ని తెచ్చి ఆపరేషను చేయిస్తే ఒక్కో పొట్టలోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడింది. దానిమీద "ది ప్లాస్టిక్ కౌ" అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఆ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. ఆ తర్వాత పల్చని సంచుల మీద నిషేధాలొచ్చాయి. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులు దేశమంతటా నిషేధించారు. కూరగాయల బండి దగ్గర ఆ నిషేధం ఎంతవరకు అమలవుతోందో మీకే బాగా తెలుసు.

ఆ ఆపరేషను చేసేటప్పుడు ఆవుని పడుకోబెట్టనక్కర్లేదు. ఎడమడొక్క దగ్గర మత్తిచ్చి, నిలబెట్టే కోసి, డాక్టరు భుజందాకా చెయ్యి పెట్టి గంటలకొద్దీ లాగుతాడు. చివరికి ఖాళీ అయిన పొట్టలో, ఆరోగ్యంగా ఉన్న మరో ఆవు పొట్టలోంచి తెచ్చిన రసం కొన్ని లీటర్లు పోస్తారు. పాలు తోడుపెట్టడం లాంటిదే. లేకపోతే చచ్చిపోయిన ఆ పనివాళ్ళ జాతి మళ్ళీ పెరగడానికి చాలా రోజులు పడుతుంది. కుట్లు వేశాక డాక్టరు మర్నాడు వచ్చి కుట్లు చూడకముందే ఒక ప్రశ్న అడుగుతాడు. ఊళ్ళో ముసలి గొల్లవాడు కూడా, జబ్బుచేసిన గొర్రె దగ్గరికి వచ్చి ముందడిగేది అదే. "నెమరేస్తోందా?"